తిరుత్తణి విద్యార్థికి గురువు వ్రాసి ఇచ్చిన యోగ్యతాపత్రం

పది, పన్నెండు తరగతుల ఫలితాలు వెలువడిన వారంలోపల పళ్ళిపట్టు చుట్టుపక్కల పాఠశాలలకు పిల్లలు మళ్ళీ వస్తారు. బదిలీ పత్రం తీసుకొంటారు, నడవడి పత్రం తీసుకొంటారు. నగరి, పుత్తూరు, తిరుపతి వైపు పై చదువులకు పోదలచినవారిలో కొందరు తెలుగు అయ్యవారి దగ్గర ఆగి మూడవ కాగితం ఒకటి అడుగుతారు. అది అచ్చు ఫారం కాదు. దానికి ప్రభుత్వం నిర్ణయించిన నమూనా లేదు. ఆ బిడ్డను ఎరిగిన ఉపాధ్యాయుడు తన సొంత మాటలలో వ్రాసి సంతకం చేసి ఇవ్వవలసిన ఉత్తరం అది. ఉపాధ్యాయ శిక్షణలో మనకు పాఠ్య ప్రణాళిక వ్రాయడం నేర్పారు, హాజరు పట్టీ నింపడం నేర్పారు. ఈ ఉత్తరం వ్రాయడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

అందువల్ల మనం వ్రాసేది ఎలా ఉంటుందో అందరికీ తెలిసినదే. ఫలానా సంవత్సరం నుండి ఫలానా సంవత్సరం వరకు మా పాఠశాలలో చదివినాడు. తెలివైనవాడు, వినయశీలి, క్రమశిక్షణ గలవాడు. ఇతనికి ఉజ్జ్వలమైన భవిష్యత్తు కలుగవలెనని ఆశీర్వదిస్తున్నాను. మూడు వాక్యాలు. పేరు మార్చితే ఈ మూడూ మరొకరికి అలాగే సరిపోతాయి. వ్రాసినవారికి ఆ బిడ్డపై ప్రేమ లేదని కాదు. కాని ఎక్కడో కూర్చుని ఆ కాగితం చదివే మనిషికి ఈ పిల్లవాని గురించి తెలిసినది ఏమీ ఉండదు.

ఈ సంగతి ఆలోచించినప్పుడు మన పొరుగు ఊరి విద్యార్థి ఒకరికి నూరు సంవత్సరాలకు పూర్వం ఆయన గురువు ఇచ్చిన పత్రం నాకు గుర్తుకు వస్తుంది. ఆ విద్యార్థి సర్వేపల్లి రాధాకృష్ణన్. ప్రతి సెప్టెంబరు 5వ తేదీన ఆయన చిత్రపటానికి పూలమాల వేస్తాం. ఆయన పేరున 1962 నుండి ఉపాధ్యాయ దినోత్సవం జరుపుకొంటున్నాం. ఆయన గొప్ప గురువని పిల్లలకు చెబుతాం. ఆయన ఒకప్పుడు చేతిలో డబ్బు లేక, ఉద్యోగం లేక, ఒక గురువు వ్రాసిన కాగితం అవసరమైన శిష్యుడని చెప్పడం తక్కువ.

ముందుగా మాట గురించి కొంచెం చెప్పుకోవాలి. 'సిఫారసు' అన్నది పారశీకం నుండి వచ్చి మన కచేరీ భాషలో స్థిరపడిన పదం. ఈనాడు మన నోట అది మంచి అర్థంలో పలకదు. ఎమ్మెల్యే సిఫారసు, మంత్రిగారి సిఫారసు అన్నప్పుడు అర్హత లేనివానికి అడ్డదారిన పని జరిపించడమనే స్ఫురణే ముందు వస్తుంది. 'యోగ్యతాపత్రం' అనే మాటలో ఆ మచ్చ లేదు. సిఫారసు బలం వ్రాసినవాని పలుకుబడిలో ఉంటుంది. యోగ్యతాపత్రం బలం వ్రాసిన విషయంలో ఉంటుంది. తల్లిదండ్రులు చాలామంది ఈ రెండింటినీ ఒకటిగానే ఎంచి, తెలుగు అయ్యవారి ఉత్తరం కంటె ఊరి పెద్దమనిషి ఉత్తరం మేలని అనుకొంటారు. కాలేజీ ప్రవేశాల దగ్గర పెద్దమనిషి మాట చెల్లే చోట్లు లేవని నేను అనను. కాని ఆ పెద్దమనిషికి ఆ అమ్మాయి ఏమి చదివిందో తెలియదు గదా.

రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న తిరుత్తణి ప్రాంతంలో ఒక తెలుగు కుటుంబంలో జన్మించారు. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు. మన ప్రాంతమంతా ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. తండ్రి వీరాస్వామి జమీందారీ రెవెన్యూ కొలువులో చిన్న ఉద్యోగి. పిల్లవాడు తిరుత్తణిలో మొదలుపెట్టి, 1896 నుండి తిరుపతిలోని హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ పాఠశాలలోను, తరువాత వేలూరు వూరీస్ కళాశాలలోను చదివి, 1904లో మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చేరినాడు. విద్యార్థి వేతనాలతోనే చదువు సాగింది. తత్త్వశాస్త్రం ఎన్నుకోవడం కూడా కొంత కాకతాళీయమే. అదే కళాశాలలో చదువు ముగించిన బంధువు ఒకరు తన పాఠ్యపుస్తకాలు ఇవ్వడంతో, పుస్తకాలు కొనే పని తప్పిన ఆ విషయమే తీసుకొన్నారు. మన పిల్లలు అన్న పుస్తకాలు తమ్మునికి వస్తాయని గ్రూపు ఎన్నుకొనడం చూసి మనం నొచ్చుకొంటాం. ఆ పద్ధతికి ఇంత పెద్ద ఉదాహరణ ఉందని జ్ఞాపకం పెట్టుకొంటే మంచిది.

ఎం.ఏ. పట్టం కోసం ఆయన వ్రాసిన సిద్ధాంత వ్యాసం వేదాంతంలోని నీతిశాస్త్రాన్ని గురించినది. ప్రపంచం మాయ అనే దర్శనంలో నీతికి చోటు ఎక్కడిదని ఆ రోజులలో క్రైస్తవ మిషనరీ పండితులు విమర్శించేవారు. ఆ విమర్శకు సమాధానంగా ఈ ఇరువై ఏండ్ల యువకుడు తన వ్యాసం వ్రాసినాడు. 1908లో అది పుస్తకంగా అచ్చయినది. ఇక్కడ పరిస్థితి ఏమిటో గమనించాలి. చదువుతున్నది మిషనరీ కళాశాల. వ్యాసాన్ని చదివి విలువ కట్టవలసినవాడు ఆల్ఫ్రెడ్ జార్జ్ హాగ్, స్కాట్లండు నుండి వచ్చిన మిషనరీ, హైందవ కర్మ సిద్ధాంతాన్ని క్రైస్తవ దృష్టితో పరిశీలించి పుస్తకం వ్రాసిన మనిషి. గురువుగారు ఎట్లా తీసుకొంటారోనని శిష్యునికి బెరుకు ఉండడం సహజం.

హాగ్ ఇచ్చిన యోగ్యతాపత్రం ప్రస్తావన రాధాకృష్ణన్ జీవితచరిత్రలలో కనబడుతుంది. దాని సారాంశం ఇది. ఈ విద్యార్థి ఈ పట్టానికి చదువుతున్న రెండవ ఏట సిద్ధపరచిన వ్యాసం తాత్త్విక సమస్యలోని ముఖ్యమైన పార్శ్వాలను చక్కగా గ్రహించినట్లు చూపుతున్నది. చిక్కుపడిన వాదాన్ని సులువుగా నడపగల శక్తి ఇతనికి ఉన్నది. దానికి తోడు మంచి ఆంగ్లంపై సగటును మించిన అధికారం ఉన్నది.

అంతే. ఎంత పొదుపుగా ఉన్నదో చూడండి. ఇందులో 'ఉజ్జ్వల భవిష్యత్తు' లేదు. 'వినయశీలి' లేదు. పేదరికం ప్రస్తావన లేదు. ఫలానా పని చేశాడు, ఆ పనిలో నేను ఇది చూశాను అని మాత్రమే ఉన్నది. వ్యాసం పేరు చెప్పవచ్చు, తెచ్చి చూపవచ్చు. కావలసినవారు చదివి హాగ్ చెప్పినది నిజమో కాదో తేల్చుకోవచ్చు. 'సగటును మించిన' అన్న మాట దగ్గర నేను ఎప్పుడూ ఆగుతాను. మనమైతే 'అద్భుతమైన', 'అసమానమైన' అని వ్రాసేవాళ్ళం. కొలత తెలిసినవాడు వ్రాసిన 'సగటును మించిన' అనే మాటకు చదివేవారు ఇచ్చే విలువ, అలవాటుగా వ్రాసిన 'అసమానమైన' అనే మాటకు ఇవ్వరు.

ఇంకొక విషయం దీనికంటె పెద్దది. ఆ వ్యాసం నిలబెట్టిన వాదంతో హాగ్ ఏకీభవించవలసిన అవసరం లేదు. ఆయన విశ్వాసం వేరు. అయినా శిష్యుడు చేరుకొన్న నిర్ణయాన్ని కాక, అక్కడికి చేరుకొన్న తీరును కొలిచి చెప్పినాడు. మన తరగతులలో ఎదురు ప్రశ్న వేసిన పిల్లవానికి ఎటువంటి ఉత్తరం వస్తుందో ఒకసారి ఆలోచించండి. 'వినయశీలి' అన్న మాట చాలాసార్లు ప్రశ్నించనివారికి మనం ఇచ్చే బహుమానం.

రాధాకృష్ణన్‌కు ఆక్స్‌ఫర్డు పోయి చదవాలని ఉన్నా స్థోమత లేదు. 1909 ఏప్రిల్‌లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తత్త్వశాస్త్ర శాఖలో చేరినారు. ఆ తరువాతి కథ అందరికీ తెలిసినదే.

అదే మద్రాసులో అవే సంవత్సరాలలో మరొక యువకుని చేతిలో పట్టం లేదు. శ్రీనివాస రామానుజన్ 1887 డిసెంబరు 22న పుట్టినవాడు. రాధాకృష్ణన్ కంటె ఎనిమిదిన్నర నెలలు పెద్ద. కుంభకోణం తమిళుడు. తెలుగు చదువుల గురించి వ్రాస్తూ ఆయన పేరు తేవడానికి కారణం ఉంది. ఆయన జీవితంలో 1910 నుండి 1914 వరకు నాలుగేళ్ళు కేవలం ఉత్తరాల మీద నడిచినవి. ఆ ఉత్తరాలు చాలావరకు భద్రంగా ఉన్నాయి. యోగ్యతాపత్రం ఎప్పుడు పని చేస్తుంది, ఎప్పుడు చేయదు అని తెలుసుకోవడానికి మన ఉమ్మడి మద్రాసు రాష్ట్ర చరిత్రలో ఇంతకంటె మంచి పాఠం నాకు కనబడలేదు.

రామానుజన్ గణితం తప్ప మిగిలిన విషయాలు పట్టించుకోక కుంభకోణం కళాశాలలో విద్యార్థి వేతనం పోగొట్టుకొన్నారు. పచ్చయప్ప కళాశాలలో చేరి ఎఫ్.ఏ. పరీక్ష తప్పినారు. మార్కుల పట్టీ చూపితే తలుపు మూసుకొంటుంది. అందుచేత ఆయన చంకలో నోటుపుస్తకాలు పెట్టుకొని తిరిగినారు. 1910లో తిరుక్కోయిలూరు డిప్యూటీ కలెక్టరు, భారత గణిత సంఘ స్థాపకుడు వి. రామస్వామి అయ్యరు దగ్గరకు పోయి చిన్న గుమాస్తా పని అడిగినారు. అయ్యరు ఆ నోటుపుస్తకాలు తిరగవేసి, ఇంతటివానిని రెవెన్యూ శాఖ అట్టడుగు మెట్టు మీద కూర్చోబెట్టడానికి మనసు రాక, ఉద్యోగం ఇవ్వకుండా మద్రాసులోని గణిత మిత్రులకు ఉత్తరాలు ఇచ్చి పంపినారు. ఉద్యోగం ఇవ్వగలిగిన అధికారి ఉద్యోగం ఇవ్వకపోవడమే మేలు చేసిన సందర్భం ఇది. అక్కడ పి.వి. శేషు అయ్యరు మరొక పరిచయ లేఖ వ్రాసి, అప్పటి నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు వద్దకు పంపినారు. రామచంద్రరావు మొదట నమ్మలేదు. ఒకటికి నాలుగుసార్లు మాట్లాడి, నోటుపుస్తకంలోని విషయం కొంత అర్థమైన తరువాత, తన సొంత డబ్బుతో నెలకు 25 రూపాయలు ఇవ్వసాగినారు. నెల్లూరు కలెక్టరు జేబులో నుండి వచ్చిన ఆ పాతిక రూపాయల వెనుక రెండు ఉత్తరాలు, ఒక నోటుపుస్తకం ఉన్నాయి. ఉత్తరాలు గది తలుపు తెరిపించినవి. నమ్మకం కలిగించినది నోటుపుస్తకం.

1911లో ప్రెసిడెన్సీ కళాశాల గణితాచార్యుడు ఇ.డబ్ల్యు. మిడిల్‌మాస్ట్ చిన్న పత్రం వ్రాసి ఇచ్చినాడు. మరుసటి సంవత్సరం ఫిబ్రవరి 9న రామానుజన్ మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తా పనికి దరఖాస్తు పెట్టుకొన్నప్పుడు దానిని జతపరచినాడు. ఆ పత్రం చదివితే ముచ్చట వేస్తుంది. గణితంలో అసాధారణ శక్తి గలవాడని చెప్పి ఊరుకోలేదు. సంఖ్యలకు సంబంధించిన పనిలో మరీ దిట్ట అనీ, లెక్కింపులో సహజమైన నేర్పు ఉన్నదనీ, అంకెల పని చాలా త్వరగా చేస్తాడనీ చెప్పినాడు. అంకెల పని త్వరగా చేయడం రామానుజన్ గొప్పతనంలో ఎన్నో వంతు? కాని జమాఖర్చుల గుమాస్తాను వెతుక్కొనే అధికారికి కావలసినది అదే. 1912 మార్చి 1న నెలకు 30 రూపాయల జీతంతో పని దొరికింది. ఎవరు చదువుతారో ఎరిగి వ్రాయడమంటే ఇదే. మన పిల్ల వ్యవసాయ డిప్లొమాకు పోతుంటే పద్యం రాగయుక్తంగా చదువుతుందని వ్రాస్తే ఏమి లాభం? విత్తనాల సంచి మీద అచ్చయిన సూచనలు చదివి తండ్రికి విడమరచి చెప్పగలదని వ్రాస్తే వారికి పనికివస్తుంది.

అదే 1912 చివరన లండన్‌లోని ఆచార్యుడు ఎం.జె.ఎం. హిల్ నుండి వచ్చిన సమాధానం అంత అనుకూలం కాదు. అభిరుచి ఉన్నది, కొంత శక్తి ఉన్నది, కాని అనంత శ్రేణుల విషయంలో తెలిసినవారు తప్పించుకొనే గుంటలలో పడినాడు అని ఆయన అభిప్రాయం. ఏ పుస్తకం చదవాలో కూడా చెప్పినాడు. దీనిని చాలామంది హిల్ చేసిన పొరపాటుగా చెబుతారు. నాకు అలా అనిపించదు. కొత్తవాని కాగితాలు తెరిచి చూసి, ఏ చోట తప్పు కనిపించిందో చెప్పి, దిద్దుకొనే దారి చూపిన మనిషి ఆయన.

1913 ఫిబ్రవరి 25న, కేంబ్రిడ్జిలో గణితం చదివి వాతావరణ శాఖకు అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్ మద్రాసు వచ్చినప్పుడు పోర్టు ట్రస్టువారు రామానుజన్ పనిని ఆయనకు చూపినారు. మరునాడే వాకర్ మద్రాసు విశ్వవిద్యాలయం రిజిస్ట్రారుకు వ్రాసినాడు. నాకు తెలిసిన యోగ్యతాపత్రాలలో ఇది ఉత్తమమైనది. కొత్తదనంలో ఇతని పని కేంబ్రిడ్జి కళాశాల ఫెలో ఒకరి పనితో పోల్చదగినది అన్నాడు. ఆ వెంటనే, ఫలితాలను అందరూ అంగీకరించడానికి కావలసిన సంపూర్ణత, నిర్దుష్టత ఇందులో లేవు, ఇతని పరిస్థితులలో అది ఊహించదగినదే అన్నాడు. ఇతడు పని చేసిన శాఖలలో నాకు ప్రత్యేక పరిచయం లేదు గనుక, ఐరోపా ఖ్యాతి పొందగలడో లేదో నేను చెప్పజాలను అని తన హద్దు కూడా తానే గీసుకొన్నాడు. చివరకు అడిగినది ఒకటే: జీవనోపాధి చింత లేకుండా కొన్ని సంవత్సరాలు గణితంపై మాత్రమే కాలం గడిపే అవకాశం విశ్వవిద్యాలయం ఇతనికి కల్పించవలెను.

లోపం చెప్పితే ఉత్తరం బలహీనపడుతుందని మనం భయపడతాం. వాకర్ లోపం చెప్పినాడు, తన అజ్ఞానం కూడా చెప్పినాడు. అంత జాగ్రత్తగా హద్దులు పెట్టుకొన్నవాడు 'కేంబ్రిడ్జి ఫెలోతో సమానం' అన్నప్పుడు ఆ మాటను కాదనడం కష్టం. పట్టం లేనివానికి పరిశోధక వేతనం ఇవ్వడానికి నిబంధనలు అడ్డమైనా, 1913 మే 1 నుండి నెలకు 75 రూపాయల చొప్పున రెండేళ్ళకు మంజూరు అయినది. గుమాస్తా జీతానికి రెండున్నర రెట్లు. అప్పటికి కేంబ్రిడ్జి నుండి హార్డీ జవాబు వచ్చి ఉండడం ఇందుకు తోడ్పడింది. కాని విశ్వవిద్యాలయం తలుపు తట్టి ఏమి కావాలో సూటిగా అడిగినది వాకర్. తరువాతి సంవత్సరం జనవరిలో మద్రాసు వచ్చిన ఇ.హెచ్. నెవిల్ అదే రిజిస్ట్రారుకు మరొక ఉత్తరం వ్రాయగా ఏటికి 250 పౌన్లు దొరికి, 1914 మార్చిలో రామానుజన్ ఓడ ఎక్కినాడు.

దీనికి ఎదురు వైపు కూడా మన తెలుగువారి చరిత్రలోనే ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో గాంధీజీ పిలుపు విని ఖద్దరు తొడిగినందుకు శస్త్రచికిత్స ఆచార్యుని కోపానికి గురియైనారు. వ్రాత పరీక్షలు బాగానే వ్రాసినా చేతికి వచ్చినది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికంటె తక్కువైన ఎల్.ఎం.ఎస్. పట్టం. ఆయన అమెరికా చేరినప్పుడు ఆ తక్కువ కాగితమే వెంట ఉన్నది. చేసిన పనిని కాక తొడిగిన బట్టను చూసి వ్రాసిన యోగ్యత అది. హాగ్ చేయనిది ఇదే.

ఇక మన ఊరి సంగతి. పళ్ళిపట్టు, తిరుత్తణి 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినవి. 1953లో ఆంధ్ర రాష్ట్రంలో ఉన్నవి. సరిహద్దు మార్పు చట్టం ప్రకారం 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలోని చెంగల్పట్టు జిల్లాకు మారినవి. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడినది. ఊళ్ళు కదలలేదు, ఇళ్ళలో భాష మారలేదు. చదువుకు సంబంధించిన కాగితాలు పోవలసిన దిక్కు మారింది. 2006లో తమిళ భాషాభ్యాస చట్టం వచ్చి, ఆ విద్యా సంవత్సరంలో ఒకటవ తరగతిలో మొదలై ఏటికొక తరగతి చొప్పున 2015-16 నాటికి పదవ తరగతికి తమిళం మొదటి భాషగా చేరింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు న్యాయస్థానాల ద్వారా కొన్ని సంవత్సరాలు మినహాయింపులు దొరికినవి. నేను ఆ చట్టం మంచిచెడ్డలు ఇక్కడ ఎత్తుకోను. ఈ రాష్ట్రంలో బ్రతికే పిల్లలకు తమిళం రావలసినదే, వస్తుంది కూడా. కాని దాని ఫలితం ఒకటి ఉపాధ్యాయులకు పట్టవలసినది. మొదటి భాష స్థానం పోయిన తరువాత, ఒక బిడ్డ తెలుగును ఎంత లోతుగా చదివిందో మార్కుల పట్టీ మునుపటంత స్పష్టంగా చెప్పదు. నగరి దాటి పోయి తెలుగు సాహిత్యం చదవాలనుకొనే అమ్మాయిని, "తమిళనాడు నుండి వచ్చినావు, నీకు తెలుగు ఏపాటి వస్తుంది?" అని అడిగితే ఆమె ఏమి చూపాలి? మార్కులు మాట్లాడని చోట మాట్లాడవలసినది తెలుగు అయ్యవారి ఉత్తరం. రామానుజన్‌కు ఎఫ్.ఏ. లేనట్లే మన పిల్లలకు ఆ ఒక్క కాగితం లేదు. నోటుపుస్తకాలు ఉండవచ్చు.

ఒక ఉదాహరణ ఊహించుకొందాం. మన ప్రాంతంలో మగ్గం నేసే కుటుంబాలు చాలా ఉన్నాయి. తొమ్మిదవ తరగతి అమ్మాయి ఒకతె తన అవ్వ దగ్గర కూర్చుని మగ్గం మాటలు వ్రాసుకొచ్చిందనుకొందాం: పడుగు, పేక, నాడె, కండె, అచ్చు, ఆసు. వాటి ప్రక్కన వీధిలో వినబడే తమిళపు మాటలు: పడుగుకు పావు, పేకకు ఊడై, మగ్గానికి తరి. ఏ మాట ఏ ఇంట విన్నదో కూడా గుర్తుపెట్టింది. ఈమెకు "తెలుగు భాషపై మక్కువ గల విద్యార్థిని" అని వ్రాసి ఇస్తే మనం ఆమె చేసిన పనిని పారవేసినట్లే. "తొమ్మిదవ తరగతిలో తన వీధిలోని నేతవారి ఇండ్ల నుండి మగ్గానికి సంబంధించిన తెలుగు మాటలను సేకరించి, తమిళ సమానార్థకాలతో పట్టిక చేసినది. విన్నదానిని తన ఊహతో కలపకుండా వ్రాసుకొనే నిదానం ఈమెలో చూసినాను. పద్యాన్ని అన్వయించడంలో మంచి చురుకు. ఛందస్సులో గణ విభజన ఇంకా తడబడుతుంది, మా పాఠశాలలో దానికి చాలినంత సమయం దొరకలేదు. ఈమెకు తెలుగు ప్రత్యేకాంశంగా చదివే అవకాశం ఇవ్వవలసినదిగా కోరుతున్నాను." ఇది హాగ్ పద్ధతి, వాకర్ పద్ధతి. ఛందస్సు గురించి ఆ వాక్యం తీసివేయమని తల్లిదండ్రులు అడుగుతారు. తీసివేయకండి. ఆ వాక్యం ఉన్నందువల్లనే మిగిలిన వాక్యాలను నమ్ముతారు.

పేదరికం గురించి ఒక మాట. "కడు నిరుపేద కుటుంబానికి చెందిన" అని మొదలుపెట్టడం మనకు అలవాటు. ఆదాయ ధ్రువపత్రం ఇవ్వడానికి తహసీల్దారు ఉన్నాడు. ఆ పని ఆయన చేస్తాడు. ఉపాధ్యాయుడు జాలి మొదటి వాక్యంలో పెడితే, చదివేవారు ఆ తరువాతి ప్రశంసను కూడా జాలిగానే తీసుకొంటారు. ఇల్లు గడవడానికి ఆ బిడ్డ సాయంత్రం కండెలు చుట్టి, ఆ మీదట చదివి ఈ పని చేసిందంటే అది వేరు. అది శ్రమ, చెప్పదగినది.

భాష సంగతి కూడా ఉంది. తిరుపతికి, కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయానికి పోయే ఉత్తరం తెలుగులో ఉంటే, ఆ ఉత్తరంలోని తెలుగే సగం సాక్ష్యం. చెన్నైకో బెంగుళూరుకో పోయేది ఆంగ్లంలో ఉండక తప్పదు. ఆంగ్లం మనకు అంత చేయి తిరిగినది కాకపోతే చిన్న వాక్యాలు వ్రాస్తే చాలు. ఇంటర్నెట్ సెంటరులో దొరికే నమూనా తెచ్చి సంతకం పెట్టమనే తల్లిదండ్రులకు మర్యాదగా వద్దని చెప్పాలి. అటువంటి నమూనాను ఒకే వారంలో ముగ్గురు పిల్లలు మూడు పేర్లతో నాకు తెచ్చి ఇచ్చినారు. ముగ్గురూ "పుట్టుకతో నాయకులు". నాయకుడు కాని పిల్లవానికి కూడా కాలేజీలో చోటు ఉంది గదా.

ఎరగని బిడ్డకు వ్రాయకూడదు. "నీకు ఎనిమిదిలో చెప్పిన అయ్యవారికి నీ సంగతి నాకంటె బాగా తెలుసు, ఆయనను అడుగు" అనడం నిరాకరణ కాదు. రామస్వామి అయ్యరు చేసినది కూడా అటువంటిదే.

ఇదంతా మే నెలలో కూర్చుంటే జరగదు. పదవ తరగతి చివర ఉత్తరం వ్రాయాలంటే ఆరవ తరగతిలోనే ఒక నోటుపుస్తకం మొదలు పెట్టాలి. పిల్లకు ఒక పుట చాలు. మార్కులు వద్దు, అవి వేరే చోట ఉన్నాయి. ఎప్పుడు ఏ పని చేసింది, ఏ ప్రశ్న అడిగింది, ఏ పుస్తకం తనంతట తాను తీసుకొని చదివింది అని తేదీతో ఒక్కొక్క పంక్తి. ఇంట్లో తల్లిదండ్రులు కూడా ఒక పని చేయవచ్చు: బిడ్డ తెలుగులో వ్రాసిన కాగితాలు పాత పేపర్లతో కలిపి కిలో లెక్కన వేయకుండా ఒక సంచిలో ఉంచండి. ఉత్తరం ఇచ్చిన తరువాత దాని నకలు ఒకటి పాఠశాల ఫైలులో పెట్టండి, తేదీ వేసి, ఏ సంస్థకు వ్రాసినదో పైన గుర్తుపెట్టి. మిడిల్‌మాస్ట్ వ్రాసినది, వాకర్ వ్రాసినది ఈనాడు మనం చదవగలుగుతున్నామంటే పోర్టు ట్రస్టులోను, విశ్వవిద్యాలయంలోను ఎవరో గుమాస్తాలు వాటిని ఫైలు చేసి ఉంచడం వల్లనే.